నా చేతిరాతలో ఆ అమ్మాయి

దెయ్యాలున్నాయంటే నేను నమ్మను. చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో ఆ మాట ఎత్తనిచ్చేవారే కాదు. చనిపోయినవాళ్ళు దేవుడి దగ్గర విశ్రాంతిలో ఉంటారని, వాళ్ళు తిరిగి రారని, వాళ్ళని పిలవడం, అడగడం తప్పని మా నాన్నగారు నేర్పారు. ఇవాళ్టికీ నా నమ్మకం అదే. దాన్ని మార్చుకుని ఇది రాయడం లేదు. నా చేత్తో నేను రాసిన ఒక కాగితం నా దగ్గర ఉంది. అది ఎలా రాశానో నాకు తెలియదు. జరిగింది జరిగినట్టు చెప్తాను, అంతే.

నేను బడికి వెళ్ళలేదు. చిన్నతనంలో కీళ్ళ జ్వరం వచ్చి గుండెకి తగిలింది. నడవకూడదన్నారు డాక్టరు గారు. బడి చూస్తే రెండు మైళ్ళ దూరం. మా నాన్నగారు చర్చిలో ఉపదేశి. ఆయనే ఇంట్లో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించారు. రోజుకొక పేజీ చూసి రాయాలి, ఒక్క దీర్ఘం తప్పినా మళ్ళీ రాయాలి. అందువల్ల నా రాత గుండ్రంగా, అచ్చులా ఉంటుంది. సర్టిఫికెట్టు ఒక్కటీ లేని నాకు దేవుడు ఇచ్చిన ఆస్తి అదే అనుకుంటాను.

మా ఆయన పేరు ప్రసాదరావు. పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబుల్. గోదావరి కాలువ గట్టు మీద ఉన్న ఒక స్టేషన్లో చేసేవారు. ఊరి పేరు రాయను. స్టేషన్ వెనకున్న క్వార్టర్లు కారుతుంటే గట్టు మీదే రెండు గదుల వాటా అద్దెకి తీసుకుని ఉండేవాళ్ళం. మా ఒక్కగానొక్క అమ్మాయి రాజమండ్రిలో నర్సింగ్ చదువుతూ హాస్టల్లో ఉంది.

పోలీసు వాళ్ళంటే జనానికి ఒక అభిప్రాయం ఉంటుంది. దాన్ని కాదని నేను వాదించను. నాకు తెలిసింది ఇంట్లోకి వచ్చే మనిషి. బూట్లు విప్పితే సాక్సు గుర్తులు కాలి మీద వేలు పట్టేంత లోతుగా ఉండేవి. ఎవరో పెద్దలు వస్తున్నారని తెల్లవారుజామున వెళ్ళి రోడ్డు పక్కన నిలబడితే, వాళ్ళ కార్లు దాటిపోయేది సాయంత్రం. మధ్యలో ఇచ్చిన పులిహోర పొట్లం జీపు వెనక నిలబడే తినాలి. తాగి రోడ్డు మీద పడ్డవాణ్ణి లేపబోతే వాడు కాలరు పట్టుకుని లాగిన గుండీలు నేనే చాలాసార్లు కుట్టాను. వారానికొక సెలవు అని ఆర్డరు ఉంది. ఆ సెలవు రోజునే ఫోను ఎక్కువ మోగేది. అయినా ఆయన ప్రాణాలతో గుమ్మంలోకి వచ్చిన ప్రతిసారీ మనసులో స్తోత్రం చెప్పుకునేదాన్ని.

రాత పని కూడా ఆయన మీద పడేది. ఇప్పుడు అన్నీ కంప్యూటర్లోనే. కానీ సాక్షులు చెప్పింది అక్కడికక్కడ కాగితం మీద రాసుకొచ్చి, తర్వాత టైపు చేయిస్తారు. మా ఆయన రాత కోడి కెలికినట్టుంటుంది. టైపు చేసే కానిస్టేబుల్ చదవలేక విసుక్కునేవాడు. అందుకని ఆ కాగితాలు ఇంటికి తెస్తే నేను మంచి అక్షరాలతో తిరగరాసి ఇచ్చేదాన్ని. స్టేషన్ కాగితాలు ఇంటికి తేకూడదు, భార్య చేతికి ఇవ్వకూడదు. తప్పని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆయన ఒక గంట ఎక్కువ పడుకుంటారని రాసేదాన్ని.

అలా దొంగతనాలు, తగవులు, యాక్సిడెంట్లు, శవ పంచనామాలు కూడా రాశాను. శవం దొరికితే ఏ వరసలో రాయాలో నాకు కంఠతా వచ్చేసింది. ఆడా మగా, వయసు, ఛాయ, ఒంటి మీద బట్టలు, గుర్తులు, జేబుల్లో దొరికినవి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగా ఉంది.

మా ఊరి దగ్గర కాలువకి ఇవతలి గట్టు మా స్టేషన్ది. అవతలి గట్టు ఇంకో స్టేషన్ది. నీళ్ళలో శవం కొట్టుకొచ్చి ఏ గట్టుకి ఆగితే కేసు ఆ స్టేషన్ది. ఆగిన క్షణం నుంచీ అక్కడున్న కానిస్టేబుల్ పని మొదలవుతుంది. కాకులు, కుక్కలు రాకుండా కాపలా ఉండాలి. పంచనామాకి పెద్దమనుషుల్ని బతిమాలి తేవాలి. ఎక్కించుకోనంటున్న బండివాడి చేత ఎక్కించాలి. ఆసుపత్రి దగ్గర పోస్టుమార్టం అయ్యేదాకా నిలబడాలి. ఎవరూ రాకపోతే ఆఖరికి గొయ్యి తవ్వించి పూడ్చేదాకా అతనే కొడుకూ, అతనే తండ్రీ. రెండు మూడు రోజులు ఇంటి ముఖం చూడడానికి ఉండదు.

అందుకని రెండు గట్ల వాళ్ళకీ ఒక అలవాటు ఉండేది. చూసినవాళ్ళు లేకపోతే, పడవ నడిపే పొడుగాటి వెదురు గెడతో శవాన్ని కాలువ మధ్య దాటేలా నెట్టేవారు. అటువైపు ఆగితే వాళ్ళది. వాళ్ళు కూడా ఇటు నెట్టేవారు. ఎవరూ పైకి చెప్పరు. ఎక్కడా రాయరు. ఈ అలవాటు గురించి నాకు తెలుసు. తెలిసి కూడా ఆయన్ని అడిగేదాన్ని కాదు. అడగకపోవడం నా తప్పు.

ఇది జరిగింది గోదావరికి వరద వచ్చిన రోజుల్లో. లంకల్లో వాళ్ళని పడవల మీద ఖాళీ చేయిస్తుంటే మా ఆయన మూడు రోజులు రేవులోనే ఉన్నారు. ముసలివాళ్ళని మోసి దించడం, గొడ్లని వదిలి రామని మొండికేసినవాళ్ళ కాళ్ళు పట్టుకోవడం, ఫోటోలు తీసుకోవడానికి నీళ్ళలోకి దిగే కుర్రాళ్ళని తరమడం. నాలుగో రోజు పొద్దున్న పదకొండు గంటలకి ఇంటికొచ్చారు. కళ్ళు చింత నిప్పుల్లా ఉన్నాయి. స్నానం చేసి కంచం ముందు కూర్చున్నారు. అన్నంలో చెయ్యి పెట్టగానే ఫోను మోగింది.

కాలువ నీటిని ఆపే లాకు తలుపుల దగ్గర, మావైపు, శవం ఆగిందట. లాకులు ఎత్తి దించే లస్కరు చూసి స్టేషన్‌కి చెప్పాడట. తక్కినవాళ్ళంతా రేవుల్లో ఉన్నారు, మీరే వెళ్ళండన్నారు ఎస్సై గారు. మా ఆయన చెయ్యి కడుక్కుని, హోంగార్డు శ్రీనుని వెంటబెట్టుకుని వెళ్ళారు.

నేను కంచం మీద మూత పెట్టాను. ఇంక రేపటి దాకా రారనుకున్నాను.

గంట కూడా కాలేదు, వచ్చేశారు. నా వైపు చూడకుండా "అవతలికి వెళ్ళిపోయింది" అన్నారు.

నెట్టానని అనలేదు. నేనూ అడగలేదు. వీధిలోంచి శ్రీను గొంతు వినబడింది. "హెడ్డు గారండీ, గెడ కడిగేశానండి. లస్కరు గారికి ఇచ్చేశానండి."

"సరే, పోరా," అన్నారు ఆయన.

నాలుగు ముద్దలు తిని, యూనిఫాం ప్యాంటుతోనే చాప మీద వాలిపోయారు. అప్పుడు ఒంటిగంట కావస్తోంది.

రేపు పొద్దున్న స్టేషన్లో ఇవ్వాల్సిన కాగితం ఒకటుంది. సంతలో మోటారు సైకిల్ పోగొట్టుకున్న ఒకాయన చెప్పిన వాంగ్మూలం. అది తిరగరాద్దామని కూర్చున్నాను. కరెంటు లేదు. వెనక గుమ్మం దగ్గర వెలుతురుకి పీట వేసుకున్నాను. సన్నగా వాన పడుతోంది. నిద్రమత్తు ఏమీ లేదు. ఇది గట్టిగా చెప్పగలను. ఎందుకంటే మధ్యలో రెండుసార్లు లేచి పొయ్యి మీద పాలు చూసి వచ్చాను.

నాకు గుర్తున్న తేడా ఒక్కటే. రాస్తుండగా ఒకసారి కుడి చెయ్యి మణికట్టు దాకా చల్లబడింది, చాలాసేపు నీళ్ళలో గిన్నెలు తోమినట్టు. తడిగా ఉందేమోనని చీర చెంగుకి తుడుచుకున్నాను. పొడిగానే ఉంది. మళ్ళీ రాసుకున్నాను. పూర్తిచేసి, మడిచి, ఆయన చొక్కా పక్కన పెట్టాను.

సాయంత్రం అయిదు గంటలకి లేచారు. టీ ఇచ్చాను. కాగితం విప్పి చదువుతూ చదువుతూ ఆగిపోయారు. గ్లాసు కింద పెట్టారు.

"కరుణా, నువ్వు లాకు దగ్గరికొచ్చావా?"

"నేనెందుకొస్తానండీ, వానలో."

"శ్రీనుగాడేమైనా చెప్పాడా నీకు?"

"అతను వీధిలోంచే వెళ్ళిపోయాడు కదా. ఏమైందండీ?"

కాగితం నా చేతికిచ్చారు. మొదటి నాలుగు వాక్యాలు మోటారు సైకిల్ గురించే. బండి సంతలో ఎక్కడ పెట్టాడు, తాళం వేశాడా లేదా. అయిదో వాక్యం దగ్గర మారిపోయింది. అదే సిరా, అదే నా అక్షరం. కొట్టివేత ఒక్కటి లేదు. ఇలా ఉంది:

"ఆడ మనిషి. వయసు ఇరవై, ఇరవై రెండు. చామనఛాయ. ఆకుపచ్చ చుడీదారు, పసుపు ప్యాంటు, చున్నీ లేదు. కుడి చేతి బొటనవేలికి, చూపుడు వేలికి తెల్ల ప్లాస్టర్లు. వేళ్ళ చివర్లు నాని చర్మం ఊడి ఉన్నవి. ఎడమ మోచేతి కింద కాలిన పాత మచ్చ. చుడీదారు లోపల కుట్టిన జేబులో ముడి వేసిన ప్లాస్టిక్ కవరు, అందులో"

అక్కడ ఆగిపోయింది. మిగిలిన సగం గీత ఖాళీ. కింది గీత నుంచి మళ్ళీ మోటారు సైకిల్, ఏమీ జరగనట్టు.

నేను రాసినట్టు నాకు జ్ఞాపకం లేదు. ఒక్క మాట కూడా లేదు.

మా ఆయన కాగితం తీసుకుని మళ్ళీ ఒకసారి చదివారు. తర్వాత మెల్లగా చెప్పారు. శవం బోర్లా ఉందట. వీపు, జడ, ఆకుపచ్చ చుడీదారు మాత్రమే కనబడ్డాయట. చేతులు నీళ్ళ కిందే ఉన్నాయట. ముఖం ఆయన చూడలేదు, శ్రీను చూడలేదు. కావాలనే చూడలేదు, చూస్తే నెట్టలేనని.

ఆయన నిద్రలో పలవరిస్తే నేను విని రాశానేమో అని ముందు అనుకున్నాను. అప్పుడప్పుడు పలవరిస్తారు. కానీ ఆయనకే తెలియని వేళ్ళ ప్లాస్టర్లు, లోపలి జేబు ఎలా పలవరిస్తారు? ఇంతకు ముందు రాసిన పంచనామా ఏదైనా నా చేతికి అలవాటుగా వచ్చిందా అంటే, అలాంటి గుర్తులతో నేను ఎప్పుడూ ఏదీ రాయలేదు. ఊళ్ళో ఎవరైనా అమ్మాయి తప్పిపోయిన సంగతి విన్నానా అంటే, అదీ లేదు.

నాకు ఆ సమయంలో భయం కంటే ముందు మా అమ్మాయి గుర్తొచ్చింది. అదీ ఆ వయసుదే.

"ఈ పిల్లకి తల్లి ఉండే ఉంటుందండీ," అన్నాను.

"ఇప్పుడు నేనెళ్ళి ఏమని చెప్పను? నెట్టేశానని చెప్పనా? ఉద్యోగం పోతుంది కరుణా."

నేను గుమ్మంలోంచి కాలువ వైపు చూశాను. కాలువలో వరద నీరు జోరుగా ఉంది. మా లాకు దాటితే కింద ఇంకో రెండు లాకులు, ఆపైన సముద్రపు పాయ. అందులో పడితే ఇంక ఎవరికీ దొరకదు. ఇద్దరికీ తెలిసిన విషయమే. కాసేపటికి ఆయన చొక్కా తొడుక్కున్నారు. కాగితం జేబులో పెట్టుకున్నారు.

మా ఎస్సై గారి దగ్గర ఏం జరిగిందో ఆయన తర్వాత చెప్పారు. ఎస్సై గారు కుర్రవాడు, చెడ్డవాడు కాదు, ఆయనకీ మూడు రోజులుగా నిద్ర లేదు. "మీకేమైనా మతి పోయిందా హెడ్డు గారూ? చూసిందెవరు? రాసిందెవరు? అవతలికి పోయింది కదా, వదిలేయండి," అన్నారట. మా ఆయన నమస్కారం పెట్టి బయటికొచ్చి, వంతెన దాటి, నేరుగా అవతలి స్టేషన్‌కి వెళ్ళారు.

అక్కడ వరండాలో బల్ల మీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. పేరు సత్యవతి, కూలి పని చేసుకునే ఆవిడ. భర్త లేడు. కూతురు దుర్గ రొయ్యల ఫ్యాక్టరీలో పనికి వెళ్ళి రెండు రోజులుగా ఇంటికి రాలేదు. రెండు రోజులుగా ఆవిడ ఆ బల్ల మీదే కూర్చుంది. "వయసు పిల్ల, ఎవడితోనో వెళ్ళుంటుందిలే, నాలుగు రోజులు పోతే అదే ఫోన్ చేస్తుంది," అని పంపేస్తున్నారు. వాళ్ళ పేటలో కూడా అదే మాట అనేశారు. ఎవరితో వెళ్ళిందో పేరు కూడా చెప్పేశారు.

మా ఆయన లోపలికి వెళ్ళి, మా లాకు దగ్గర బోర్లా తేలిన శవం ఒకటి ఇటు వచ్చిందని చెప్పి, కాగితంలోని గుర్తులు చదువుతున్నారు. గుమ్మం తెరిచే ఉంది. వేళ్ళ ప్లాస్టర్ల దగ్గరికి రాగానే ఆవిడ లేచి నిలబడిందట.

"అది నా పిల్లేనండి," అందట. "రొయ్యలొలిచే చెయ్యండి అది. మంచులో పెట్టి పెట్టి అలా ఊడిపోద్దండి."

అప్పుడు అక్కడి అధికారి అడిగారు. "బోర్లా ఉందంటున్నారు, ఇవన్నీ ఎలా తెలుసండీ మీకు?"

మా ఆయన ఏం చెప్పగలరు? నా భార్య రాసిందని చెప్తే నవ్వుతారు. నవ్వకపోతే, స్టేషన్ కాగితాలు ఇంట్లో ఎందుకున్నాయని నన్ను పిలుస్తారు. ఆయన "గెడతో తిప్పానండి. ముఖం చూశాను, అన్నీ చూశాను. చూసే నెట్టాను," అన్నారు.

ఆ తల్లి ఎదురుగా అన్నారు ఆ మాట.

వెంటనే కింది లాకులకి ఫోన్లు చేశారు. ఆఖరి లాకు తలుపులు వీలైనంత దించి, లస్కర్లు నీళ్ళ మీద అల్లుకున్న గుర్రపు డెక్క మేటలన్నీ గెడలతో కలియబెట్టారు. మా ఆయన ఆ రెండు రోజులూ గట్టు వెంటే తిరిగారు. మూడో రోజు మధ్యాహ్నం ఆఖరి లాకుకి కొంచెం ఎగువన డెక్క కింద దొరికింది. ఇంకో పూట ఆలస్యమైతే సముద్రమే.

కాగితంలో ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ప్లాస్టర్లు, కాలిన మచ్చ, లోపల కుట్టిన జేబు, ముడి వేసిన కవరు. నేను పసుపు ప్యాంటు అని రాశాను, అది గోధుమ రంగుది. ఆ ఒక్కటీ కలవలేదు. కలవలేదని చెప్పడం కూడా న్యాయం.

కవరులో బీపీ మాత్రలు ఉన్నాయి, ఒక అట్ట. మాత్రలు అయిపోయాయి, వచ్చేటప్పుడు తెమ్మని దుర్గ పనికి వెళ్ళే ముందు సత్యవతే చెప్పిందట. తల్లికి మందులు కొని లోపల జేబులో భద్రంగా దాచుకున్న పిల్ల ఎవరితోనో వెళ్ళిపోయిందని ఆ తర్వాత ఎవరూ అనలేదు. ఆ ఒక్క మేలుకి దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను. ఎలా పడిందో మాత్రం తేలలేదు. డ్యూటీ దిగాక ఫ్యాక్టరీ బస్సు తప్పిపోయి గట్టు మీద నడిచి వస్తుండగా చూశామన్నారు కొందరు. నీటిలో మునిగి మరణం అని రాసి కేసు ముగించారు.

మా ఆయన్ని సస్పెండ్ చేశారు. ముఖం చూసి కూడా ఆడపిల్ల శవాన్ని నెట్టేశాడని అందరికీ తెలిసిపోయింది. రెండు గట్ల మీదా అదే పని చేసినవాళ్ళు కూడా ఆయన్ని పలకరించడం మానేశారు. చర్చిలో మా బెంచీలో మేమిద్దరమే కూర్చునేవాళ్ళం. నేను పాస్టరు గారికి చెప్తానంటే ఆయన ఒప్పుకోలేదు. "నెట్టింది నేనే కదా. చూశానో లేదో అన్నది చిన్న విషయం," అన్నారు. రాత్రుళ్ళు లేచి చేతులు కడుక్కునేవారు. నేను లేచి దీపం వేస్తే పడుకోమనేవారు.

నెల దాటాక, ఒక రోజు ఆయన విచారణ కోసం ఏలూరు వెళ్ళారు. పన్నెండు గంటలప్పుడు గుమ్మంలో ఒకావిడ నిలబడింది. నేను ఎప్పుడూ చూడలేదు. చూడగానే ఎవరో తెలిసింది.

"మీ ఆయన లేరాండి?"

"లేరమ్మా. ఏలూరు వెళ్ళారు. లోపలికి రండి."

"కూచోడానికి రాలేదండి. ఆయన్ని తిట్టడానికొచ్చాను. దారంతా మాటలు కూర్చుకుంటా వచ్చాను." కాసేపు నా ముఖం చూసింది. "లేకపోతే మీరైనా వినాలి కదండి. మీకూ ఒక పిల్ల ఉందంట కదా. నా పిల్ల ముకం చూసి కూడా ఆ గెడ పెట్టి ఎలా నెట్టబుద్దయ్యిందండీ? ఒక గుడ్డయినా కప్పబుద్దవలేదా?"

ఆవిడ అరవలేదు. అరిచి ఉంటే నేను ఊరుకునేదాన్నేమో. ఆయన వద్దన్న మాట ఆ క్షణంలో నాకు అడ్డు రాలేదు. లోపలికి వెళ్ళి, ఆయన స్టేషన్లో ఇవ్వకుండా ఇంటికి తిరిగి తెచ్చిన ఆ కాగితం తెచ్చాను. జరిగిందంతా చెప్పాను. ఆయన ముఖం చూడలేదని, ఈ గుర్తులు ఆయన చూసినవి కావని, నేను రాసినవని చెప్పి మొత్తం చదివాను.

ఆవిడకి చదువు రాదు. కాగితం తీసుకుని అక్షరాల మీద వేలు పెట్టి మెల్లగా జరిపింది.

"మీరు రాశారా ఇది? సూడకుండానా?"

"చూడకుండానే అమ్మా. ఎలా రాశానో నాకు తెలీదు."

నన్ను అబద్ధాలకోరు అంటుందనుకున్నాను. అనలేదు. చివరి మాట మీద వేలు ఆపింది. "ఇక్కడ ఆగిపోయిందన్నారు కదండి. దీని తరవాత?"

"ఏమీ లేదమ్మా. ఆ కవరులో మాత్రలే దొరికాయి కదా."

"మాత్రలు నాకు తెలుసండి. ఆ తరవాత. కాలు జారిందో, ఎవరైనా తోశారో. నన్ను పిలిచిందో లేదో." గుమ్మం మీదే కూర్చుండిపోయింది. "మల్లీ ఒకసారి కూచోండమ్మా. ఆయాల కూచున్నట్టే కూచోండి. మీ సేతికైతే సెప్పుద్దేమో."

చనిపోయినవాళ్ళని అడగకూడదని నాకు నేర్పారు. ఆ మాట ఆవిడకి చెప్పాలని నోరు తెరిచాను. చెప్పలేకపోయాను. నేను చేసింది తప్పే అయితే ఆ తప్పు నాదే. వెనక గుమ్మం దగ్గర పీట వేసుకున్నాను. తెల్ల కాగితం, పెన్ను తీసుకున్నాను. ఆవిడ ఎదురుగా మోకాళ్ళు దగ్గరికి తీసుకుని కూర్చుంది. పెన్ను ములికినే చూస్తోంది.

ప్రభువా, ఇది వద్దు అని ప్రార్థించాను. అదే నోటితో, ఈవిడ కోసం ఒక్క వాక్యం ఇవ్వమని కూడా ప్రార్థించాను.

చెయ్యి వెచ్చగానే ఉంది. ఒకసారి కదిలింది. ఆవిడ ముందుకి వంగి "వచ్చిందా?" అంది. చూస్తే "ఆడ మనిషి" అని రాసి ఉంది. అది నేను రాసిందే, నాకు తెలుసు. "ఇది నా రాతేనమ్మా," అన్నాను. ఆవిడ తలాడించి మళ్ళీ వెనక్కి కూర్చుంది. ఇంకోసారి చెయ్యి తిమ్మిరెక్కి కదిలితే మళ్ళీ వంగింది. అలా ఎంతసేపో. కాఫీ ఇస్తానంటే వద్దంది. మీరు లేస్తే పోద్దేమో అంది.

నాలుగు గంటల బస్సు హారను రోడ్డు మీద వినబడింది. అప్పటికి కాగితం మీద ఆ రెండు మాటలే ఉన్నాయి. ఆవిడ లేచింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మీ ఆయన ముకం సూడలేదని నాకు తెలుసని సెప్పండి," అంది. గేటు దాకా వెళ్ళి ఆగింది. "కానీ నెట్టింది నిజవే కదండీ."

"నిజమే అమ్మా," అన్నాను.

ఆయన్ని తర్వాత ఉద్యోగంలోకి తీసుకున్నారు. జంగారెడ్డిగూడెం వైపు మెట్ట ఊరికి వేశారు. అక్కడ కాలువ లేదు. డ్యూటీ మాత్రం అదే, కాళ్ళ వాపు అదే. నేను ఆయన కాగితాలు రాయడం మానేశాను. సత్యవతి చెప్పమన్న మాట ఆ సాయంత్రమే చెప్పాను. మొదటి సగం విని ఆయన కళ్ళు మూసుకున్నారు. రెండో సగం కూడా చెప్పాను.

ఆ కాగితం నా చేత ఎవరు రాయించారో నాకు తెలియదు. దేవుడే అని చెప్పే ధైర్యం లేదు, కాదు అనే ధైర్యమూ లేదు. కన్నతల్లి ఎదురుగా కూర్చుని అడిగినప్పుడు నా చెయ్యి ఎందుకు కదల్లేదో, అది అంతకన్నా తెలియదు.